అబ్బ రివాల్వరు వయసు

ఇంత బరువుందా ఇది, లేక మోమిన్‌పేట్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చినందుకు తొడలు తిమ్మిరెక్కాయా అనుకుంటూనే హాజిరాబీ గుడ్డమూట విప్పి బల్ల మీద పెట్టింది, వికారాబాదులో పాత తుపాకుల సంగతి తెలిసిన మనిషి ఈ రాధాకిషన్ సేటు ఒక్కడేనని అందరూ చెప్పారు, అబ్బ పోయి నలభై రోజులు దాటింది, ఆ ఇంటికి మిగిలిన బిడ్డ తనొక్కతే, అబ్బ లైసెన్సు మీదున్న రివాల్వరు అప్పగించే ముందు అది ఏ దేశానిదో ఏ ఏటిదో రాయించుకుని రమ్మన్నాడు ఠాణాలో జమేదారు, కొత్తదేనని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అనంతగిరి అడవిలో వేటకొచ్చే దొరలకు దారి చూపిన ఇమాముద్దీన్‌కు, అంటే తనకే, పంతొమ్మిది వందల నలభై అయిదులో ఒక దొర కొత్త డబ్బా విప్పి ఇచ్చిపోయాడని అబ్బ ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ ఆ డబ్బా ఇంకొంచెం మెరిసేది, సేటుకూ అదే చెప్పింది, ఆయన భూతద్దం కంటికి ఆనించి గొట్టం కింది ముద్రలు చూశాడు, పిడి తిప్పి నంబరు చూశాడు, ఇంగ్లండుది బిడ్డా, బర్మింగ్‌హామ్‌ల చేసిండ్రు, గిసొంటి ముద్ర కొట్టుడు ఎన్నడో బంద్ చేసిండ్రు, పద్దెనిమిది వందల తొంభైల మాల్ ఇది, మీ నాయిన చేతికొచ్చేటప్పటికే యాభై ఏండ్ల ముసలిది అన్నాడు, అబ్బ గొప్పలకు పోయాడన్నమాట అని నవ్వు రాబోయింది ఆమెకు, అంతలో ఆయన దాన్ని నడుమ దగ్గర మడతలా వంచి ఆరు తూటాలు అరచేతిలోకి ఒంపుకుని వెలుతురులోకి జరిగాడు, గివి పేలలేదు, గాని సుత్తె దెబ్బ తిన్నయి, ఒక్కొక్కదాని వెనక నడిమిట్ల సొట్ట చూడు, ఆరింటికి ఆరు, లోపలి మందు ఎన్నడో చచ్చింది, ఎవడో ఒకదాని ఎనక ఒకటి నొక్కుకుంట పోయిండు, భయపడ్డోడైతే రెండోదానికే పారేసి ఉరుకుతుండె.

ఎవడో కాదు, భయ్యా, ముర్తుజా భయ్యా, అరవై తొమ్మిది, తెలంగాణ గొడవలకు బడులు మూసిన ఏడు, సీతాఫలాలు కళ్లు విప్పే రోజులు, అమ్మీ తల మీద ఖాళీ గంప, తనకు పదకొండేళ్లు, భయ్యాకు ఇరవై, అబ్బ ఇచ్చిన రివాల్వరు మొలలో దోపుకుని భయ్యానే ముందు నడిచాడు, పొదలోంచి ఎలుగుబంటి లేచింది, లేవడం ఎంతో నెమ్మదిగా లేచినట్టుంది ఇప్పటికీ, కానీ అమ్మీ అప్పటికే దాని కింద ఉంది, భయ్యా చేయి చాచి నిలబడ్డాడు, చాచి అలాగే ఉన్నాడు, కట్టెలు కొట్టేవాళ్లు అరుచుకుంటూ వచ్చేదాకా, అమ్మీ రెండు రోజులు బతికింది, మూడోరోజు అబ్బ తనను ముందు కూర్చోబెట్టుకుని తుపాకి మోగిందా బిడ్డా అని అడిగాడు, మోగలేదబ్బా అంది తను, నేను నొక్కిన, అది పలకలేదు అన్నాడు గోడకు ఆనుకున్న భయ్యా, తల్లి సస్తుంటే సూసుకుంట నిలబడ్డవు, నా కండ్ల ముందు ఉండకు అన్నాడు అబ్బ, మర్నాడు భయ్యా తాండూరు బండల గనుల్లోకి పోయాడు, ఊళ్లో వాళ్లు పిరికోడి చెల్లె అంటే తను తల వంచుకుని తిరిగింది, కోపం భయ్యా మీదే, ఇన్నేళ్లూ భయ్యా మీదే.

సేటు గొట్టంలోకి చూస్తూ ఇంకేదో అంటున్నాడు, ఇందుల నూనె పాతది కాదు బిడ్డా, రెండేండ్లది ఉంటదేమో, ఎవరో తూటాలు తీసి తుడిచి మళ్ల గవే పెట్టుకుంట వచ్చిండ్రు, ఎవరో ఏమిటి, ప్రతి బక్రీదు ముందూ దాన్ని పట్టుకుని తలుపేసుకుని కూర్చునేది అబ్బ కాదా, అంటే చూశాడు, తూటాలు చేతిలోకి తీసుకున్నవాడికి సొట్టలు కనబడకుండా ఉంటాయా, చచ్చిన తూటాలు పెట్టి కొడుకును అడవికి పంపింది తానేనని తెలిసీ అబ్బ నోరు విప్పలేదు, డెబ్బై తొమ్మిదిలో బండ కింద పడి ముర్తుజా పోయాడని కబురొస్తే రెండు రోజులు అన్నం ముట్టలేదు, తాండూరు మాత్రం పోలేదు, ఎట్లాంటి మనిషివబ్బా నువ్వు, ఆ మాట గొంతులో ఉండగానే సేటు ఖాళీ రివాల్వరు గోడ వైపు తిప్పి మీట నొక్కి చూశాడు, టిక్, ఆమె చెవులు మూసుకుంది, ఏమైంది బిడ్డా అన్నాడు సేటు, ఏంలేదంది, ఈ చప్పుడు తనకు కొత్త కాదు.

కాగితం, రివాల్వరు, తూటాలు ఠాణాలో ఇచ్చేసి ఇంటి బస్సు ఎక్కకుండా తాండూరు బండి ఎక్కింది, తలుపు దగ్గర నిలబడే వెళ్లింది, గనుల పక్క గుడిసెలో భయ్యా భార్య ఉమ్రావ్ బేగం జొన్నపిండి కలుపుతోంది, ఎన్నడూ గడప తొక్కని ఆడబిడ్డను చూసి లేచి నిలబడింది, భాభీ, భయ్యా నొక్కిండు, ఆరుసార్లు నొక్కిండు, తూటాల మీద సొట్టలు నా కండ్లతోటి చూసిన అని హాజిరాబీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది, ఆమె ఏడవలేదు, పిండి చేయి కడుక్కుని నీళ్లిచ్చింది, నాకెరుకే గద హాజిరా, పెండ్లైన కొత్తలనే చెప్పిండు, నీ సంగతి గూడ చెప్పిండు, హాజిరా నా పక్కన్నే ఉండె, టిక్కు టిక్కుమనుడు అంత ఇన్నది, చిన్నది గద, అబ్బకు బెదిరింది, జర పెద్దగైతే చెప్తది అనెటోడు, నీ పెండ్లి ఖబర్ తెలిసిననాడు ఇగ చెప్తది అన్నడు, పండుగొస్తే మోమిన్‌పేట్ దిక్కెల్లి వచ్చేటోళ్లను అడిగెటోడు, హాజిరా ఏమన్న అన్నదా అని, నీ మీద కోపం మాత్రం లేకుండె ఆయనకు.

కోపం లేకుండె, కోపమైనా ఉంటే బాగుండేది, విన్నది తను, మోగిందా అని అడిగితే మోగలేదని చెప్పి, టిక్కుమన్నదబ్బా అన్న ఇంకొక్క మాట మింగేసింది తను, ఆ తర్వాత విన్నదే మరిచిపోయింది, తూటాలు లేకపోయినా సేటు లేకపోయినా సాక్ష్యం పదిహేనేళ్లుగా తన చెవుల్లోనే ఉంది, భయ్యా బతికిన ఆ పదేళ్లూ ఎదురుచూసింది తన ఒక్కదాని మాట కోసం.