నాలుగు, నాలుగు, రెండు

ద్వాలి పోయిన మూడో రోజు మధ్యాహ్నం తండా అంతా ఆమె గుడిసె ముందు కూర్చుంది. రొట్టెలు చిదిమి, బెల్లం, నెయ్యి కలిపి ఆమె పేర పళ్లెంలో పెట్టారు. ఆమె మంచితనాన్ని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటున్నారు. లోపల ద్వాలి కూతురు కమ్లి తన ఐదేళ్ల బిడ్డ గోరిని ఒళ్లో పెట్టుకుని వింటోంది. పిల్ల ఒళ్లు పెనంలా కాలుతోంది. మొన్న చలి పెట్టి వచ్చిన జ్వరం ఇవాళ మళ్లీ అదే వేళకు తిరిగొచ్చింది. తల్లిని తీసుకుపోయిన జ్వరమూ ఇలాగే మొదలైంది.

దుమ్ముగూడెం దవాఖానాకు పోవాలంటే వాగు దాటాలి. అది ఎనభై ఆరు ఆగస్టు. గోదావరి ఎగదన్నడంతో వాగు వెనక్కి తిరిగి చేలన్నీ ముంచేసింది. వారం నుంచి అవతలి మనిషి ఇవతలికి రాలేదు. గోడకు వేలాడుతున్న మందుల రేకుడబ్బాను కమ్లి పొద్దుటి నుంచి నాలుగుసార్లు దులిపి చూసింది. ఏమీ రాలలేదు.

ఆ డబ్బాయే ద్వాలి ఉద్యోగం, అదీ జీతం లేని ఉద్యోగం. ఆరేళ్ల కింద మలేరియా ఆఫీసువాళ్లు వచ్చి మందుబిళ్లలు ఎవరింట్లో పెడదామంటే మగవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నా ఇంట్ల పెట్టుండ్రి" అంది ద్వాలి. మొగుడు లేని మనిషి. ముగ్గురు పిల్లల్లో ఇద్దరిని చలిజ్వరానికే ఇచ్చుకున్న తల్లి. అక్షరం రాదు గానీ లెక్క వచ్చు. పెద్దవాళ్లకు మొదటి రోజు నాలుగు, రెండో రోజు నాలుగు, మూడో రోజు రెండు. పిల్లలకు అందులో సగం.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ద్వాలి నోరు ఏమంత మంచిది కాదు, అయినా ఊరు బతికింది ఆ నోటివల్లే. మోకాలిలోతు బురదలో ఇల్లిల్లూ తిరిగేది. ఎదురుగా మింగించేది. నోరు తెరిపించి నాలుక కింద చూసేది. మింగకుండా దొరికినవాళ్ల ఏడు తరాలనూ కడిగి ఆరేసేది.

ఆమెకే జ్వరం వచ్చేనాటికి డబ్బాలో నాలుగే బిళ్లలున్నాయి. "మింగు యాడీ" అని కమ్లి కాళ్లావేళ్లా పడింది. యాడీ అంటే వాళ్లలో అమ్మ. ద్వాలి వినలేదు. పక్క గుడిసెలో లాలు పెళ్లాం నిండు చూలాలు, చలితో వణికిపోతోంది. గోడలు పట్టుకుంటూ వెళ్లి ఆ నాలుగూ ఆమె చేతిలో పెట్టి వచ్చింది. "నాది మొండి పానం, ఏం గాదు" అంటూ కుక్కిమంచంలో పడుకుంది.

జ్వరం వచ్చిన మూడో రోజుకు ఆమె మాట తడబడింది. కమ్లి వానలో ప్రతి గుమ్మం ముందూ నిలబడి "ఎవలింట్లనన్న బిళ్లలున్నయా?" అని అడిగింది. ఇరవై ఇళ్లలోనూ లేవన్నారు. తెల్లవారేసరికి ద్వాలి లేదు.

ఇప్పుడు బయట తండా పెద్ద తుల్సీరాం కళ్లు తుడుచుకుంటున్నాడు. "గసొంటి మనిషి మళ్ల పుట్టదు. అందరి పిల్లల్ని కడుపుల పెట్టుకొని చూసింది."

కమ్లికి ఒళ్లు మండింది. పిల్లను భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

"చాలు, ఆపుండ్రి కాకా! మీరు పొగిడితే నా బిడ్డకు జరం దిగుతదా? మా యాడికి నేనొక్కదాన్నే మిగిలిన. నాకు ఇదొక్కతే. ఇది గూడ పోతే నేనేం జెయ్యాలె? వాగుల పడి సావాల్నా?"

గోరి తల వాలిపోయింది. అది చూసి ముసలి గోమ్లి లేచింది. ఎవరి వంకా చూడకుండా తన గుడిసెకు పోయి, పూరికప్పులో చెయ్యి పెట్టి చిన్న గుడ్డమూట తీసింది. తెచ్చి పళ్లెం పక్కన విప్పింది. అందులో ఆరు బిళ్లలున్నాయి.

"ఎక్కడివి ఇవి?" కమ్లి అడిగింది.

"మీ యాడి ఇచ్చినయే. తొలినాడు నాలుగు మింగంగనే జరం పోయింది. మళ్లొస్తే ఎట్లని మిగిలినయి దాసిన. ఆమె నాలిక కిందనే చూస్తది గదా, దవడకు పెట్టుకున్న."

ఆ తర్వాత దేవ్లా లేచాడు. ఇంకొకరు లేచారు. చివరికి తల వంచుకుని తుల్సీరామే లేచాడు. ప్రతి కప్పులోంచీ ఒక మూట దిగింది. కొన్ని బిళ్లలు చెమ్మకు పచ్చబడ్డాయి.

"మొన్న నేనొచ్చి అడిగితే లేవంటిరి గదా కాకా?"

తుల్సీరాం తన మూట పళ్లెం పక్కన పెట్టాడు. "ఉన్నయంటే మింగలేదని ఆమెకు ఎర్కైతది. తిడతదని భయపడ్డం బిడ్డా. గింత జల్దీ పోతదనుకోలే. ఎప్పటి లెక్క లేసి తిరుగుతదనుకున్నం."

అందరికంటే ఆఖరున లాలు వచ్చాడు. మడిచిన కాగితం కమ్లి చేతిలో పెట్టాడు. విప్పితే నాలుగు బిళ్లలు, తెల్లగా, కొత్తవి. "కడుపుల బిడ్డకు ఏమైతదోనని అది మింగలే. జరం దానంతటదే దిగింది" అంటూ అతను బావురుమన్నాడు. ఆ రోజు నోరు తెరిపించి చూసే ఓపిక ద్వాలికి లేదు.

కమ్లి ఆ నాలుగు బిళ్లల్లోంచి రెండు తీసి, బెల్లంతో నూరి గోరికి మింగించింది. నోరు తెరిపించి నాలుక కింద చూసింది. రెండు దవడల్లోనూ వేలు పెట్టి చూసింది. మిగతా రెండూ రేపటికి కొంగున ముడేసుకుంది. పళ్లెం పక్కనున్నవన్నీ రేకుడబ్బాలో పోస్తే మూత పట్టలేదు. ద్వాలి బతికున్నన్నాళ్లూ అది ఏనాడూ అంతగా నిండలేదు.

తల్లి తిట్టినట్టు వాళ్లందర్నీ తిట్టాలని కమ్లి నోరు తెరిచింది. ఒక్క మాటా రాలేదు. డబ్బాను గుండెకు అదుముకుని గుమ్మంలోనే కూలబడింది. "యాడీ, ఒక్కసారి లేసి రా. వీళ్లను తిట్టనీకన్న రా."