వరుస తప్పినవాడు

రాతి మీద అక్షరాలు చెక్కడంలో మేస్త్రిది ముప్ఫయ్యేళ్ల చెయ్యి. ఈసారి పని రోడ్ల శాఖది. డెబ్బై అయిదేళ్ల కిందట యుద్ధకాలంలో మూడు వేలమంది సైనికులు మేస్త్రి వాళ్ల వీధి మీదుగానే సరిహద్దుకు నడిచి వెళ్లారు. దానికి గుర్తుగా రోడ్డు పక్కన రాయి నిలబెడతారట.

టీ తెచ్చిన మేనత్త రాయి పక్కనే చతికిలబడింది. ఎనభై నాలుగేళ్ల మనిషి, చదువు రాదు.

"చెక్కమని ఇచ్చిన కాగితంలో ఏం రాశార్రా? చదివి పెట్టు."

"పందొమ్మిది రోజులు నడిచారు. ఒక్కడూ వరుస తప్పలేదు..."

"అబద్ధం. మీ పెదనాన్న తప్పాడు."

మేస్త్రి ఉలి కింద పెట్టాడు. పెదనాన్న యుద్ధంలో పోయాడని తప్ప ఇంట్లో ఎవరూ ఇంకేమీ చెప్పలేదు.

"మనింటి ముందుకు రాగానే సందులోంచి పెరట్లోకి దూరాడు. బూట్లు విప్పితే మేజోళ్లతోపాటు చర్మం ఊడొచ్చింది. అమ్మ పాత చీర చింపి కట్టు కట్టింది. 'ఇంక నడవలేనమ్మా' అని పసిపిల్లాడిలా ఏడ్చాడు." అంతటితో ఆపేసి ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు మేస్త్రి ఇంజనీరు దగ్గరికి వెళ్లాడు. "సార్, ఆ ఒక్క వాక్యం తీసేద్దాం."

"పైవాళ్లు ఒప్పుకున్న మాట. మధ్యలో నీకేం నొప్పి?"

ఆవిష్కరణకు రెండు రోజులుందనగా, సరిగ్గా ఆ వాక్యం రావలసిన చోట మేస్త్రి కావాలనే పెచ్చు లేపేశాడు. ఇంజనీరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. కానీ కొత్త రాయికి వ్యవధి ఏదీ? "సరే, ఆ లైను లేకుండానే కానివ్వు" అన్నాడు.

సభ ముగిసి జనం వెళ్లిపోయాక మేస్త్రి అత్తను తీసుకొచ్చి మొత్తం చదివి వినిపించాడు.

"ఆ మాట తీసేశానత్తా."

ఆమె రాయి తడిమింది. "వాణ్ణి మళ్లీ యుద్ధానికి ఎవరు పంపారని అడగవేంరా?"

"నానమ్మేగా?"

"అమ్మ సామాన్ల గదిలో దాచింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. సంతోషం పట్టలేక వీధిలోకి పరుగెత్తి 'మా అన్నయ్య వచ్చాడోచ్' అని అరిచాను. వెనకొస్తున్న సైనికులు విన్నారు. లోపలికొచ్చి వాణ్ణి రెక్క పట్టి లాక్కుపోయారు. పోతూ పోతూ అన్నయ్య నా తల నిమిరాడు. వారం తిరక్కుండానే పోయాడని కబురొచ్చింది."

మేస్త్రి ఆమెకు దగ్గరగా జరిగాడు.

"అమ్మ బతికున్నన్నాళ్లూ నన్ను పల్లెత్తు మాట అనలేదురా. రెండు దెబ్బలు వేసినా బాగుండేది."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.