సా వేళ పాడిన రేడియో

తిరేసా కొన్న పాత కారు జపాను నుంచి ఓడెక్కి వచ్చింది, దానికి వినయం ఎక్కువ. తాళం తిప్పితే చాలు, రేడియోలోంచి ఒక ఆడగొంతు ఏదో విన్నవించుకునేది. ఏమంటోందో సవాయి దీవిలో ఒక్కరికీ అర్థం కాదు. పక్క సీట్లో కూర్చునే తండ్రి ఎనెలికో మాత్రం "సరేనమ్మా, అలాగే" అని రోజూ బదులిచ్చేవాడు. చక్కెర జబ్బు ఆయన కళ్ళు తీసుకుపోయింది గానీ మర్యాద జోలికి పోలేదు.

ఆ రేడియోకు మాటే తప్ప పాట రాదు. దాని అంకెలు తొంభై దగ్గరే ఆగిపోతాయి, ఇక్కడి స్టేషనేమో తొంభై ఎనిమిదిలో ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఉదయం పాస్టరుగారు మోసుకొచ్చిన కబురుతో పరిస్థితి మారింది. ఎనెలికో పడుచు రోజుల్లో కట్టిన కీర్తనను రాజధాని అపియాలోని గాయకబృందం ఆ సాయంత్రం రేడియోలో పాడుతుందట. అప్పట్లో ఊరి పెద్దలు దాన్ని మరీ నెమ్మదిగా ఉందని పక్కన పడేశారు. ఆయన భార్య ఒక్కతే టారో దుంపలు గీరుకుంటూ పాడుకునేది. ఆమె దగ్గర విని నేర్చుకున్న మేనకోడలే ఇప్పుడు ఆ బృందాన్ని నడుపుతోంది. భార్య పోయాక ఎనెలికో ఆ కీర్తన ఎత్తలేదు.

"నలుగురూ కలిసి పాడగా ఒక్కసారి వింటే చాలు," అన్నాడాయన. అడిగినట్టు కాదు, ఊరికే అన్నట్టు.

ఇంటికి కొండ అడ్డం. అక్కడ రేడియో పలకదు, ఫోను టార్చిలైటుకు తప్ప పనికిరాదు. పక్క ఊళ్ళో స్టేషను అందీ అందకుండా ఉంటుంది, అది దాటి నల్లరాళ్ళ మలుపు దాకా వెళితే ఖాయంగా అందుతుంది. తిరేసా వంటింటి కత్తి తీసుకుని కారు దగ్గరకు నడిచింది. మామయ్య పాత పికప్పు పనసచెట్టు కింద తుప్పు పడుతోంది. తొంభై ఎనిమిదిని అందుకునే దాని రేడియోను అప్పటికే పీకి పెట్టుకుంది.

కత్తి మొనతో చట్రం ఎత్తి, మరలు విప్పి, జపాను రేడియోను ముందుకు లాగింది. దాని వెనక రంగురంగుల వైర్లు గుత్తిగా వేలాడాయి.

"అక్కా, దాని పేగులు బయటికి తీశావు. మళ్ళీ లోపల పడతాయా?" తమ్ముడు ఫెరెతి పక్కనే నిలబడి కొబ్బరిబోండాం తాగుతున్నాడు.

"నోరు మూసుకుని బ్యాటరీ వైరు విప్పు. షాకు కొట్టిందంటే నిన్ను పట్టుకుంటా, ఇద్దరం పోదాం."

ఖాళీ అయిన గూట్లో చిన్న పసుపు పిన్ను ఒకటి దొరికింది, పసిపిల్లల జడకు పెట్టేది. దాంతోపాటు గుప్పెడు ఇసుక. తిరేసా ఆ ఇసుకను తండ్రి అరచేతిలో పోసింది. ఆయన వేళ్ళతో నలిపి చూశాడు.

"ఇది మన ఇసుక కాదే. ఎవరి పిల్లో ఏ తీరంలో ఆడుకుందో! ఇంత సముద్రం దాటి మనింటికొచ్చింది చూడు," అన్నాడు.

తిరేసా ఆయన అరచేతి కింద గుడ్డ పరిచింది. ఆ ఇసుకను, పిన్నును అందులో మూటకట్టి దాచింది.

రెండు రేడియోల వైర్ల రంగులు కలవలేదు. ఎప్పుడూ కరెంటుండే వైరేదో, తాళం తిప్పితేనే వచ్చేదేదో తేలక, రెంటినీ కలిపి ఒకే దానికి చుట్టేసింది. ఏరియల్ ప్లగ్గు సన్నం, రంధ్రం వెడల్పు. చాక్లెట్ రేకు చుట్టి దూర్చింది. పాత రేడియో దీపం ఎప్పుడో మాడిపోయింది. ముల్లును తొంభై ఎనిమిదికి తెచ్చి, వాల్యూమ్ చివరిదాకా తిప్పినా సన్నటి గురక తప్ప ఏమీ వినిపించలేదు.

"కొండ అడ్డం కదా! మలుపు దగ్గర పలుకుతుందిలే," అన్నాడు ఫెరెతి. ముగ్గురూ బయల్దేరారు.

పక్క ఊరి మధ్యకు వచ్చేసరికి సంధ్య పడింది, శంఖం మోగింది. అంటే సా. ఇళ్ళలో అందరూ ప్రార్థనకు కూర్చుంటారు, రోడ్డు మీద పురుగైనా కదలకూడదు. నడుముకు లావాలావా గుడ్డలు చుట్టుకున్న కుర్రాళ్ళు చెయ్యి అడ్డం పెట్టారు. తిరేసా కారు ఆపి తాళం తీసేసింది. మలుపు కనిపిస్తూనే ఉంది. అక్కడికి చేరేలోపే పాట అయిపోతుందని ఆమెకు ఏడుపొచ్చింది.

ఊరంతా నిశ్శబ్దం. ఎనెలికో రేడియో గురక వైపు చెవి రిక్కించాడు.

"ఇది ఇంకా బతికే ఉందే," అని గుసగుసలాడాడు.

తాళం తీసినా ఆగకుండా ఉండేలా వైర్లు కలిపింది తనేనని తిరేసాకు అప్పుడు వెలిగింది. ఈలోపు ఆయన చెయ్యి ఇంకా చట్రం బిగించని రేడియో వెనక్కి దూరింది. చీకట్లో వలలు అల్లిన వేళ్ళవి. వదులైన ప్లగ్గును పట్టుకుని లోపలికి నొక్కాయి.

కారు ఒక్కసారిగా పాడింది.

ఆ నిశ్శబ్దంలో అన్ని గొంతులు! కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఆపబోయిన కూతురి చేతిని ఎనెలికో గట్టిగా పట్టుకున్నాడు. తన ఊళ్ళో అయితే సా వేళ దగ్గిన వాడిని కూడా వదలని పెద్దమనిషి ఈ ఎనెలికోనే! ఈ ఊరి పెద్ద తుఆలా ఇంట్లోంచి బయటికొచ్చి నోరు తెరవబోయి, అలాగే ఆగిపోయాడు. చెయ్యెత్తి కుర్రాళ్ళను ఆపాడు.

రెండో చరణానికి ఎదురింట్లో ఒక ముసలామె కింది స్థాయి అందుకుంది. పక్కింట్లోంచి మగగొంతులు కలిశాయి. ఎన్నడూ వినని పాటను ఇల్లిల్లూ దారి వెతుక్కుంటూ పట్టుకుంది. పల్లవి తిరిగొచ్చేసరికి ఊరు ఊరంతా పాడుతోంది, దూరంగా సముద్రం దగ్గర ఇళ్ళు కూడా. ఇంత పెద్ద పాట తమ వంటింట్లో ఎలా పట్టిందా అని తిరేసా నివ్వెరపోయి కూర్చుంది. ఎనెలికో పెదవులు పాటతోపాటు కదుల్తున్నాయి.

పాట ముగిసింది, శంఖం మళ్ళీ మోగింది. తుఆలా కిటికీ దగ్గరకు వచ్చాడు.

"సా వేళ చప్పుడు చేశారు. జరిమానాగా చేపడబ్బాల పెట్టె తెచ్చివ్వాలి."

"న్యాయమేనయ్యా, రేపే పంపిస్తా," అన్నాడు ఎనెలికో.

తుఆలా వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. "ఇంతకీ ఆ పాట ఎవరిదయ్యా?"

ఎనెలికో తడుముకోలేదు. "మా ఆవిడది," అన్నాడు.

తిరేసా తాళం తిప్పింది. ఆ జపాను గొంతు ఇప్పుడు లేదు. అయినా ఎనెలికో కాసేపు విన్నట్టు ఆగి, "సరేనమ్మా, అలాగే," అన్నాడు.