రుఫీనో దగ్గు

అల్లం బిళ్ల బుగ్గన పెట్టుకుని, రుఫీనో వెచ్చటి పెట్టెలోంచి టేపు చుట్టను రెండు చేతులతో బయటికి తీశాడు. మనీలా చెమ్మకు పాత టేపులు జిగురెక్కుతాయి. సన్నటి వేడికి ఆరబెట్టకుండా తిప్పితే పాటంతా పెచ్చులుగా రాలిపోతుంది. ఎముకలు తేలిన వేళ్లు, చెవుల మీదికి జారిన నెరిసిన జుట్టు, ఎప్పుడూ బిగించి ఉండే పెదవులు. బుగ్గన బిళ్ల లేకుండా ఆయన స్టూడియోలో అడుగుపెట్టగా ఆయనతో పనిచేసే మేమెవరమూ చూడలేదు.

బాతింగావ్ అనే రాక్ బ్యాండు అమోఘంగా పాడుతున్న పాటను, అప్పట్లో అక్కడ కుర్ర పనివాడైన రుఫీనో దగ్గి చెడగొట్టాడట. గాయకుడు ఎలియో బండబూతులు తిట్టాడట. చచ్చేదాకా ఆ ముక్క ప్రతి ఇంటర్వ్యూలోనూ చెప్పి నవ్వించాడు ఎలియో. రుఫీనో పెళ్లిలో, సెయింట్ పీటర్ చర్చి మెట్ల మీదే, బ్యాండు వాళ్లు వరుసగా నిలబడి దగ్గారు.

ఇప్పుడు రికార్డు కంపెనీ ఆ బ్యాండు పక్కన పడేసిన పాటలు, రిహార్సళ్లు, మధ్యలో మాటలు అన్నీ ఏరి ఆల్బమ్ తెస్తోంది. ఏరే పని బియాంకాది. ఆమె ఎదుటే టేపు తిరిగింది. పాట, దగ్గు, తిట్లు. ఆ తర్వాత ఎలియో గుసగుస: "దగ్గింది నేనేరా. వాడి మీదికి తోసేశా. వాడేమంటాడులే."

ఆ మాట టేపులో ఉందని రుఫీనోకు మొదటినుంచీ తెలుసు. ఆ రోజు మిషను ఆపింది ఆయనే. కానీ టేపు కంపెనీ గోడౌనులో ఉండిపోయింది. ఒట్టి మాట ఎవరు నమ్ముతారు?

"విన్నావుగా అమ్మా. ఆ ముక్క ఉంచు. నాకింకేం వద్దు."

"ఎలా బాబాయ్? తిట్ల దగ్గరే ఆపేయమన్నారు. ఎలియో ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. జనానికీ ఆ కథే ఇష్టం. ఈ పాటకు పేరు కూడా 'రుఫీనో దగ్గు' అని పెట్టేశారు. అట్ట మీద మీ పేరుంటుంది, చూడండి."

"నేను దగ్గలేదమ్మా."

"నాకు తెలిసిందిగా."

"నీకు తెలిస్తే నా మనవరాలికి తెలిసినట్టా?"

బియాంకా తల వంచుకుని తిట్ల తర్వాతి శబ్దమంతా తీసేసింది. చచ్చినవాడి పరువు కోసం బతికున్నవాడి పరువు తీయడానికి ఒక్క వేలు చాలింది.

రుఫీనో టేపును అట్టపెట్టెలో పెట్టి, రోజూలాగే మిషను తుడిచి, మెట్లు దిగాడు. జీప్నీ బండ్లు ఆగేచోట గోడ చాటుకు వెళ్లి, రుమాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు. డాక్టరుకు చూపించుకోమని ఎన్నిసార్లు చెప్పామో. "దగ్గుకు మందు తీసుకుంటే, అప్పుడూ వీడే దగ్గాడంటారు," అనేవాడు.

వానలు తగ్గకముందే పోయాడు. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయట. ఆల్బమ్ అదే వారం వచ్చింది. శవం పక్కన కూర్చున్నవాళ్లే ఫోనులో ఆ పాట పెట్టుకుని, దగ్గు దగ్గర నవ్వారు. నాకు వాళ్ల గొంతులు పిసకాలనిపించింది.

స్టూడియోలో, టేపు మిషను మీద, ఆయన అల్లం బిళ్లల రేకు డబ్బా మూత తీసే ఉంది.