మూలల్లో చుక్కలు

"చట్నీలో ఉప్పు తక్కువైంది," అన్నాడు లక్ష్మీపతి, మూడో దోసె తుంచుతూ. ఉప్పు డబ్బా చెయ్యి చాపితే అందుతుంది. అయినా జ్యోతిలక్ష్మే పొయ్యి దగ్గర నుంచి వచ్చి, ఉప్పు వేసి, కలిపి, మళ్లీ ఆయన ముందు పెట్టింది. "రాత్రి తీసిన చుక్కల ఫోటోలు కంప్యూటర్లో వేసినా. తిన్నాక చూడు. పదకొండుకు ఓబుళేసు వస్తాడు. ఒక లెన్స్ పెట్టుకోని ఇంకోటి ఇచ్చేయాల."

చూడమంటే ఏది మంచిదో చెప్పమని కాదు, ఆయన తీసింది సరిచెయ్యమని. పద్దెనిమిదేళ్లుగా ఉరవకొండలో వాళ్ల ఫోటో స్టూడియోలో ఆమె పని అదే. ఆయన తీస్తాడు, ఆమె దిద్దుతుంది. ఆల్బమ్ వెనక బంగారు అక్షరాల్లో ఆయన పేరు పడుతుంది. ఎవరైనా అడిగితే, "ఇంట్లో ఊరికే కూర్చోలేక కంప్యూటర్ ముందు కూర్చుంటాది" అంటాడు. ఆ ఊరికే కూర్చోవడంలోనే ఆమె మెడ నరాలు పట్టేశాయి.

ఈసారి వచ్చింది పెళ్లి పని కాదు. గుమ్మఘట్ట వైపు గాలిమరలు పెట్టిన కంపెనీ ఒకటి క్యాలెండర్ కోసం బొమ్మ అడిగింది. కింద గాలిమర, పైన ఆకాశం నిండా చుక్కలు. బొమ్మ పడే సెన్సర్ పెద్దదిగా ఉన్న కొత్త కెమెరా ఇంట్లో ఉంది. దానికి తగిన వెడల్పు లెన్స్ కావాలి. అనంతపురంలో లెన్సులమ్మే ఓబుళేసు రెండు తెచ్చి, మూడు రోజులు వాడి చూడమన్నాడు. ఒకటి కొత్తది, బాగా వెలుగు లాగేది, బరువైనది. ఇంకోటి పాతది, వెలుగు తక్కువ, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి.

లక్ష్మీపతి ఏ ఫోటో తెరిచినా ముందు నడిమధ్యకు పోతాడు. పెళ్లికూతురి ముక్కుపుడక మెరిస్తే ఆ లెన్స్ మంచిదే. పాత కెమెరాలోని చిన్న సెన్సర్, లెన్స్ నడిమి భాగాన్నే వాడుకునేది కాబట్టి ఇన్నాళ్లూ ఆ లెక్క చెల్లింది. పెద్ద సెన్సర్ అంచులదాకా చూపిస్తుంది. లెన్స్ బండారమంతా మూలల్లో బయటపడుతుంది. జ్యోతిలక్ష్మి పెద్దది చేసి చూసింది. కొత్త లెన్స్‌లో నడుమ చుక్కలు సూదిమొనల్లా ఉన్నాయి, మూలలకు పోయేసరికి ఒక్కో చుక్కకు రెండేసి రెక్కలు మొలిచాయి. పాతదాంట్లో మూలమూలనా ఆవగింజల్లా గుండ్రంగా ఉన్నాయి. అంత ఆకాశాన్ని ఆమె ఎప్పుడూ కళ్లతో చూడలేదు. చూసిందంతా ఈ తెరమీదే.

"పాతదే మేలు," అంది. "కొత్తదాని కన్ను కొంచెం మూసి, వెలుగు తగ్గించి తీసింటే ఈ రెక్కలు తగ్గేవి."

"అంత వెలుగుండే లెన్స్ కొని మూసుకునేదేంది? నీకేం తెలుసు లెన్సుల గురించి?" అంటూ ఆయన చెయ్యి కడుక్కున్నాడు. "మూలలు ఎవురు చూస్తారే? కోసెయ్."

కోసెయ్. ఆ మాట ఆమెకు కొత్త కాదు. తొమ్మిదేళ్ల కిందట కదిరిలో తమ్ముడు హర్ష పెళ్లి. ఫోటోలు తీసింది లక్ష్మీపతే. తలంబ్రాల ఫోటోలో, మంటపం స్తంభం పక్కన, కుడి మూలన అమ్మ సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది. మొగుడు పోయిన మనిషి పీటల దగ్గరికి రాకూడదన్నారు. కన్న కొడుకు పెళ్లిని దూరం నుంచే, పిడికిట్లో అక్షింతలు పట్టుకుని చూస్తోంది. "శుభమా అని పెళ్లి ఫోటోలో ఆమె యాల? ఆ పక్క కోసెయ్," అన్నాడు లక్ష్మీపతి. ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. చెప్పాలనే తోచలేదేమో, అది ఇంకా సిగ్గు. అర నిమిషం పని. ఆల్బమ్ ఇచ్చేశాక అసలు ఫైళ్లు చెరిపేయడం స్టూడియో పద్ధతి. అదీ ఆమే చేసింది.

నిరుడు అమ్మ పోయినప్పుడు గోడకు పెట్టడానికి ఫోటో వెతికితే ఒక్కటీ దొరకలేదు. చివరికి ఆధార్ కార్డులోని మొహాన్నే పెద్దది చేసి దండ వేశారు. ఆ రోజు హర్ష ఆల్బమ్ తెప్పించి చూసింది. తలంబ్రాల ఫోటో కుడి అంచున, కోత తప్పించుకుని, అక్షింతలు పట్టుకున్న నాలుగు వేళ్లు మాత్రం మిగిలాయి. ఫోటోలోంచి అమ్మను కోసిన చెయ్యి తనదే. ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటుంది?

తెరమీద కోత గీత సిద్ధంగా నిలబడి ఉంది. జ్యోతిలక్ష్మి దాన్ని కాసేపు చూసి, ఒక్క నిమిషం ఏదో పని చేసి లేచి, టీ పెట్టడానికి పోయింది.

ఓబుళేసు పదకొండుకే వచ్చాడు. "ఏమన్నా, ఏది ఖాయం చేసినావు?"

లక్ష్మీపతి కొత్తదాని మీద చెయ్యి వేయబోయాడు. జ్యోతిలక్ష్మి టీ గ్లాసులు దించి, పాత లెన్స్ తీసుకుంది. "ఇది ఉండనీ ఓబుళేసూ. దాన్ని తీసుకుపో."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? దాంతో ఎవురు తీస్తారు?"

"నేను తీస్తా. ఎల్లుండి అమావాస్య. గుమ్మఘట్టకు నేనూ వస్తా. ఫోకస్ నేను తిప్పుకుంటా."

"మరి ఇంట్లో అన్నం?" అని లక్ష్మీపతి నవ్వాడు. ఓబుళేసు నవ్వలేదు. "వదిన చెప్పింది నిజమే అన్నా," అన్నాడు మెల్లగా. "చుక్కలకు అదే మంచిది."

లక్ష్మీపతి మొహం గంటుపెట్టుకున్నాడు. "సరేలే. ముందు, రాత్రి తీసిన ఫోటో కోసి కంపెనీకి నమూనాగా పంపు. పన్నెండు లోపల అడిగినారు."

"పంపేసినా."

"మూలలు కోసినావు కదా?"

"కోయలేదు," అంది జ్యోతిలక్ష్మి.

ఆయన గొంతు లేస్తోంది గానీ ఆమెకు వినపడటం లేదు. ఇంత చిన్న మాట. కదిరి ఫోటో ముందు కూర్చున్న రోజు ఈ మాట ఎక్కడికి పోయిందా అని, వేడి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.