అణియంలో బరువు

పడవ నడవడం లేదు. అలాగని మునిగిందీ లేదు, చిల్లుపడిందీ లేదు. తెరచాప నిండా గాలి ఉన్నా, లోవరాజు నడుం విరిగేలా తెడ్డు వేస్తున్నా, ముసలి గేదెలా ఈడ్చుకుంటూ వచ్చేది. నది సముద్రంలో కలిసే మొగలో వల లాగి, గౌతమి పాయ వెంట ఎగువకు వెళ్లి, పొద్దు నడినెత్తికి రాకముందే లంక రేవు చేరితే ద్రాక్షారామం సంతకు చేపలు పట్టుకుపోయే గూటిపడవ అందుతుంది. అందకపోతే చేపలు ఉప్పులో వేసి ఎండబెట్టుకోవడమే. పేటలో ప్రతి గుమ్మం ముందూ ఉన్నదదే, ఇక కొనేవాడెవడు? ఈ ఆరు నెలల్లో బుల్లియ్య ఆ గూటిపడవ మొహం చూసిన రోజులకంటే వీపు చూసిన రోజులే ఎక్కువ.

ఈ నడవని పడవ మీదే రెండు పొయ్యిలు వెలగాలి. ఒకటి బుల్లియ్యది, రెండోది వదిన మరిడమ్మది. అన్న రాముడు జ్వరంతో పోయి ఆరు నెలలైంది. నడిమి బల్ల మీద తెడ్డు వేసే మేనబావ లోవరాజు నాలుగు రోజుల కిందటే తేల్చి చెప్పేశాడు.

"పౌర్ణమి దాకా చూద్దాం బావా. అప్పటికీ ఇంతే అయితే కలపకింద అమ్మేసి ఎవరి పడవలోనన్నా కూలికి పోదాం. నా ఒంట్లో సత్తువ లేదు."

కూలివాడికి దొరికేది ఒక మనిషి కూడు. అందులో వదినకు వాటా ఎక్కడినుంచి వస్తుంది? ఆ మాట లోవరాజును అడగలేదు బుల్లియ్య. అడిగే ఓపిక కూడా లేదు.

చేయని వైద్యం లేదు. పడవలు కట్టే అప్పాజీ వచ్చి చుక్కాని రెక్క వెడల్పు చేశాడు. తర్వాత వెడల్పు ఎక్కువైందని చెక్కాడు. తెరకొయ్యను జానెడు ముందుకు జరిపాడు, మళ్లీ వెనక్కి జరిపాడు. అడుగు గీకి గుగ్గిలం నూనె పూశారు. పడవ మాత్రం గాలికి ముక్కు పక్కకు తిప్పుకునేది, బుల్లియ్య చుక్కాని మీద ఒళ్లంతా వేసి దాన్ని దారికి తెచ్చేవాడు. రోజల్లా అదే కుస్తీ. సాయంత్రానికి భుజాలు తనవి కానట్టుండేవి.

"అప్పాజీ గారండీ, ఇంకోసారి చూడండి" అని వెళ్తే ఆయన విసుక్కున్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుందిరా నీ వరస! ఆ పడవ నా చేత్తో కట్టాను. దాంట్లో లోపం లేదు. ఉన్న లోపం నా ఉలికి అందేది కాదు."

ఆయన అనకుండా మింగినది పేటంతా బయటికే అంటోంది. పడవ ముందు కొసన, అణియంలో, రాముడు కూర్చున్న బల్ల ఖాళీగా ఉంది. పోయినవాడు ఏడాదిపాటు తన పడవతోనే తిరుగుతాడని ఆ పేటలో నమ్మకం. సంవత్సరీకం అయ్యేదాకా ఆ బల్లమీద ఎవరూ కూర్చోరు, ఏమీ పెట్టరు. పసుపు రాసి వదిలేస్తారు. అందుకే మూడో మనిషిని కూడా తీసుకోలేదు. రాముడికి ఏదో కోపం ఉందనీ, వాడే పడవను వెనక్కి పట్టి లాగుతున్నాడనీ నలుగురూ అనుకుంటున్నారు.

కోపం ఎందుకో బుల్లియ్యకు తెలుసు. రాముడు భారీ మనిషి. మంచం పట్టడానికి ముందురోజు, గాలి లేక తెడ్డు వేసి వేసి విసుగొచ్చిన బుల్లియ్య వెనక కొసన, అమరంలో, చుక్కాని దగ్గరినుంచి అరిచాడు: "నీ బరువుకే పడవ నడవట్లేదన్నా! నువ్వు దిగితే ఎగిరిపోద్ది." రాముడు వెనక్కి తిరిగి నవ్వాడు. మర్నాడు పడవ ఎక్కలేదు, ఆ మర్నాడూ ఎక్కలేదు. నోరు జారిన మాటను ఏ వలేసి పట్టుకుంటాం? ఆరు నెలలుగా ఆ ఖాళీ బల్లకేసి చూస్తూ, పళ్లు బిగించి, చాల్లేరా అన్నా, వదిలెయ్యరా అని మనసులో వేడుకుంటూనే ఉన్నాడు.

పౌర్ణమి రెండు రోజుల్లో ఉందనగా, మళ్లీ గూటిపడవ తప్పిపోయి తిరిగొచ్చిన సాయంత్రం, పేట రేవులో మరిడమ్మ ముందు ఆ మాట చెప్పేసి ఏడ్చేశాడు. "అన్న నన్ను క్షమించలేదు వదినా. పడవ అమ్మేస్తాను."

మరిడమ్మ చాలాసేపు పడవకేసి చూసింది.

"నువ్వెప్పుడూ అమరంలోనే కూర్చున్నావు. ఈ పడవ ఎలా వస్తుందో ఒడ్డునుంచి ఏనాడన్నా చూశావా? పన్నెండేళ్లుగా నేను చూస్తున్నాను. అణియం కిందకి వంచుకుని, నీళ్లు తాగుతున్నట్టు వచ్చేది. అంత దూరాన్నుంచే మనదని పోల్చుకునేదాన్ని. ఇప్పుడు చూడు, ముక్కు ఆకాశంలో పెట్టుకుంది. ఆయన లాగడమేంటి బుల్లియ్యా, ఆయన లేడక్కడ."

"ఆ బల్లమీద బరువు పెట్టకూడదు కదా..."

"నేను పెట్టమంటున్నాను. తప్పు తగిలితే నాకు తగలనీ."

ఇంట్లోంచి రుబ్బురోలు దొర్లించుకొచ్చింది. ఆ ఇసుక పర్రలో అంత రాయి ఇంకెవరింట్లోనూ లేదు. బుల్లియ్య, లోవరాజు దాన్ని బల్లమీదికెత్తి తాళ్లతో కట్టారు. మరిడమ్మ వెనక్కి నడిచి, రోజూ నిలబడే చోట నిలబడింది.

"ఇంకా కాలేదు" అంది. ఒక గోనెసంచి ఇసుక పెట్టారు. "ఇంకా." ఇంకో సంచి పెట్టారు. "కొంచెం తియ్యండి." దోసిళ్లతో తీశారు.

"చాలు" అంది. "ఇంతే ఉండేవారు."

మర్నాడు పైరగాలి అందుకోగానే పడవ నీళ్లను కోసుకుంటూ పోయింది. చుక్కాని రెండు వేళ్లతో తిప్పితే తిరిగింది. "ఓరి దీనమ్మ కడుపు కాలా, ఇదీ పడవంటే!" అని లోవరాజు తెడ్డు ఒళ్లో పెట్టుకుని నవ్వాడు. లంక రేవులో గూటిపడవ ఇంకా తాడైనా విప్పలేదు. బుల్లియ్యకు మాత్రం నవ్వు రాలేదు. ఆరు నెలలుగా తన మీద కోపంగానైనా అన్న అక్కడ కూర్చునే ఉన్నాడనుకున్నాడు. ఇప్పుడు రాయి కూర్చుంది.

సాయంత్రం వంపు తిరిగేసరికి రేవు కనబడింది. ఒడ్డున కూర్చున్న మరిడమ్మ పడవను చూసి చప్పున లేచింది. మొహం నిండా నవ్వుతో, చీర తడుస్తున్నా చూసుకోకుండా మోకాలి లోతు నీళ్లలోకి నడిచొచ్చింది. అణియంలో రాయి కళ్లబడి అక్కడ ఆగిపోయింది. నవ్వు మెల్లగా పోయింది.

పడవ ఆమె పక్కకు చేరింది.

"గూటిపడవ అందిందా?"

"అందింది వదినా." బుల్లియ్య తల ఎత్తలేకపోయాడు. "రేపట్నుంచి నువ్వు రేవుకు రావద్దు. నీ వాటా నేనే ఇంటికి తెచ్చిస్తాను."

మరిడమ్మ అణియం మీద చెయ్యి వేసి, పడవను ఒడ్డుకు లాగడం మొదలుపెట్టింది.

"వస్తానయ్యా" అంది. "ఇన్నాళ్లకి సరిగ్గా వస్తోంది. చూసుకోనియ్యి."