మెల్లగా లాగిన అట్టముక్క

బాబాయ్ స్కూటర్ నడిపితే వెనక కూర్చున్నవాళ్లు దేన్నీ పట్టుకోనక్కర్లేదు. బయల్దేరడమూ నెమ్మదే, ఆగడమూ నెమ్మదే. మూడేళ్లుగా టేపు ఆ సీటు మీద ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ, ఇంకో చేత్తో జడ సర్దుకుంటూ గోడౌన్‌కి వచ్చిపోతోంది.

టేపు అసలు పేరు కాదు లెండి. మెకానికల్ డిప్లొమా చేసొచ్చి కనబడ్డ ప్రతిదాన్నీ టేపు పెట్టి కొలిచేస్తోందని అక్కడివాళ్లు పెట్టిన పేరు. బాబాయ్ అంటే పిన్ని మొగుడు, ఆ గోడౌన్‌కి సూపర్‌వైజర్. ఉద్యోగం ఇప్పించింది ఆయనే. అంతకంటే చాలా ముందు, తన ఎనిమిదో ఏట, ఫిజిక్స్ మొదటి పాఠం చెప్పిందీ ఆయనే. గ్లాసు మీద అట్టముక్క, అట్ట మీద రూపాయి బిళ్ల. అట్టని వేలితో ఫట్‌మని కొడితే అట్ట ఎగిరిపోయింది, బిళ్ల మాత్రం గ్లాసులో పడింది.

"చూశావా తల్లీ, ప్రతి వస్తువుకీ బద్ధకమే. కూర్చున్నది కూర్చునే ఉంటానంటుంది. పరిగెత్తేది పరిగెత్తుతూనే ఉంటానంటుంది. మధ్యలో ఎవరో ఒకరు తోస్తేనో ఆపితేనో తప్ప మాట వినదు. అచ్చం మీ పిన్నిలాగా."

కాలేజీలో దాన్నే జడత్వం అన్నారు. టేపు పరీక్ష పేపర్లో తప్ప ఎక్కడా ఆ మాట వాడలేదు. బద్ధకమనే అంది.

బుధవారం పదింటికి, అందరూ టీకి వెళ్లినప్పుడు, వాష్‌బేసిన్ల ట్రాలీ ఒకటి ర్యాంపు మీంచి జారి కింద గేటు స్తంభాన్ని గుద్దింది. కింద లేబుళ్లు అంటిస్తున్న ప్యాకింగ్ అక్క చప్పుడు విని పక్కకి దూకింది. ప్రాణం దక్కింది గానీ మణికట్టు విరిగింది. ఆ ట్రాలీని ర్యాంపు అంచున నిలబెట్టి, కట్టడానికి పట్టీ తెద్దామని స్టోర్‌కి వెళ్లింది టేపే.

ఆ గోడౌన్‌లో ఒక పద్ధతుంది. ట్రాలీ ఆపితే ముందు చక్రం కింద ఏటవాలు చెక్క పెట్టాలి. ఎవరి చెక్క వాళ్లదే, దాని మీద ఎవరి గుర్తు వాళ్లదే. టేపు చెక్క మీద ఊదారంగు నెయిల్‌పాలిష్ చుక్క. పని లేనప్పుడు చెక్క గోడకున్న మేకుకి వేలాడుతుంది. మేకుకి ఉందంటే చక్రం కింద లేదన్నట్టే, ఇక వాదన లేదు.

ఆ రోజు టేపు చెక్క మేకుకే ఉంది.

పెట్టానన్న గుర్తే. కానీ రోజూ చేసే పని ఆ రోజు చేశామా లేదా అంటే, ఇంటికి తాళం వేశామా లేదా అని వీధి చివర నిలబడి తల గోక్కోవడం లాంటిదే. చూద్దామంటే ర్యాంపు దగ్గరి కెమెరా ఆర్నెల్లుగా పనిచెయ్యట్లేదు. పైగా ప్యాకింగ్ అక్క ఆస్పత్రికి వెళ్తూ, "నా చెయ్యి విరగ్గొట్టావు కదే టేపూ, ఇంక జడెవరు వేస్తారే నాకు?" అనేసరికి, ఉన్న ఆ కాస్త గుర్తు కూడా చచ్చిపోయింది.

మర్నాడు పొద్దున బాబాయ్ క్యాంటీన్‌లో ఒక కాగితం ముందు పెట్టాడు.

"మూడింటికి మేనేజర్ దగ్గర సంతకం పెట్టెయ్ తల్లీ. తప్పు ఒప్పుకుంటే హెచ్చరికతో పోతుంది. నేను ఆయనతో మాట్లాడేశాను."

"చదవనా?"

"ఏముంది చదవడానికి? నేనే రాశా."

ఆయన వెళ్లాక చదివింది. చక్రం కింద చెక్క పెట్టకపోవడం వల్ల ట్రాలీ దానంతటదే దొర్లింది. బాగానే ఉంది. చివరి వాక్యం: ఈ కారణంగా నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా నాకు అభ్యంతరం లేదు. కింద టీ కప్పు మరక కూడా ఉంది. ఆయన తీరిగ్గా కూర్చునే రాశాడన్నమాట.

ఏం చెయ్యాలో తోచనప్పుడు కొలవడం టేపుకి అలవాటు. కొలవడానికి ఏమీ లేక ఫోన్‌లో నిన్న తను తీసిన ఫొటోలు తెరిచింది. కింద గేటు దగ్గర బేసిన్ల పెట్టెలన్నీ ట్రాలీకి ముందు, స్తంభం అవతల పడున్నాయి. ట్రాలీ ఆగింది, పెట్టెలకి ఆగడానికి బద్ధకం. లెక్క సరిపోయింది. తర్వాతి ఫొటో ర్యాంపు పైది. ట్రాలీ నిలబెట్టిన చోటికి వెనకాల, చదును నేల మీద రెండు పెట్టెలు తిరగబడున్నాయి.

వెనకాల!

ట్రాలీ దానంతటది దొర్లితే మెల్లగా మొదలవ్వాలి. పెట్టెలూ దాంతో పాటే జారతాయి, ఒక్కటీ వెనక పడదు. వెనక పడ్డాయంటే వాటి కింద నుంచి ట్రాలీ ఒక్కసారిగా ముందుకు దూకింది. అంటే ఎవరో గుద్దారు. మనిషి తోస్తే అంత బరువు దూకదు. బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి గుద్దాలి.

లేచి మేకు దగ్గరికి వెళ్లి చెక్క తీసింది. ఏటవాలు మీదుగా కొత్త నల్లటి చక్రం గీత, చివర చీలిక. చక్రం దాని మీంచి ఎక్కి దిగింది. పెట్టానన్నమాట. ఎవరో తీసి మేకుకి తగిలించారన్నమాట.

ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ ఆ టైముకి క్యాంటీన్‌లో తమ పక్కనే ఉన్నాడని పదిమంది చెప్తారు. ఆ బండి రెండో తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది. మూడు నెలల క్రితం కంటి పరీక్షలో తప్పి, ఇక ఫోర్క్‌లిఫ్ట్ ముట్టుకోవద్దని రాతపూర్వకంగా చెప్పించుకున్నవాడి దగ్గర. ఆ కాగితం ఇంట్లో ఎవరికీ చూపించొద్దని టేపుతో ఒట్టు వేయించుకున్నవాడి దగ్గర.

చెక్కని సంచిలో పెట్టుకుంది. ఇంకొకరెవరైనా అయితే ఎంత బావుండు!

మూడింటికి మేనేజర్ గదిలో నలుగురు. మేనేజర్, బాబాయ్, చేతికి కట్టుతో ప్యాకింగ్ అక్క, టేపు. బల్ల మీద కాగితం, పెన్ను, మంచినీళ్ల గ్లాసు.

"ఏమన్నా చెప్పాలా?" అన్నాడు మేనేజర్, గడియారం చూస్తూ.

టేపు గ్లాసులో నీళ్లు తాగేసింది. లేబుళ్ల అట్టముక్క గ్లాసు మీద పెట్టింది. దాని మీద బిళ్ల.

"బాబాయ్, చిన్నప్పుడు చూపించావే. ఒకసారి చెయ్యి."

"ఇప్పుడు ఆటలేంటమ్మా?"

"ఆటే. చెయ్యి."

మేనేజర్ కుర్చీలో ముందుకి జరిగాడు. బాబాయ్ వేలు మడిచాడు, అట్ట దాకా తెచ్చాడు. ఆగాడు. ఆయనకి అర్థమైంది. కొడితే బిళ్ల వెనకే మిగిలి గ్లాసులో పడుతుంది. వేలు విప్పి, అట్టని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా లాగాడు. బిళ్ల బుద్ధిగా అట్టతో పాటే వచ్చేసింది.

"పడలేదు," అన్నాడు మేనేజర్.

"పడదు సార్. మెల్లగా కదిలితే ఏదీ వెనక పడదు." టేపు ఫోన్‌లో ఫొటో ఆయన ముందు పెట్టింది. పక్కనే చెక్క పెట్టింది, గీత పైకి ఉండేలా. "ఇవి పడ్డాయి."

మేనేజర్ ఫొటో చూశాడు, చెక్క చూశాడు. బిళ్లని మళ్లీ అట్ట మీద పెట్టి తనే ఫట్‌మని కొట్టాడు. గ్లాసులో టింగుమంది.

"అన్నా," అంది ప్యాకింగ్ అక్క బాబాయ్ వైపు తిరిగి, "అప్పుడు ఆఫీసులో ఉన్నానన్నారు కదా. నేను పడ్డ నిమిషంలో మీరే వచ్చి లేపారు. అంత దూరం నుంచి ఇంత తొందరగా ఎలా వచ్చారబ్బా అనుకున్నా."

బాబాయ్ అద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా అవి అంతే. "కళ్ల ముందు ఏదో మసక," అన్నాడు చివరికి. "బ్రేకనుకుని ఇంకోటి తొక్కా."

మేనేజర్ సంతకం కాగితాన్ని సొరుగులో పడేసి, "నువ్వు పనికి వెళ్లమ్మా. మీరు ఉండండి," అన్నాడు.

సాయంత్రం గేటు బయట స్కూటర్ స్టార్ట్ చేసి ఉంది. వెనక సీటు ఖాళీ.

"ముందు నాతో ఒక మాట అనొచ్చుగా తల్లీ. అందరి ముందూ..."

"నువ్వూ అనొచ్చుగా బాబాయ్. ఎవరి ముందూ అక్కర్లేదు, నాతో అంటే సరిపోయేది."

"నువ్వు చిన్నదానివి. ఇంకో ఉద్యోగం దొరికేది. నాకెవరిస్తారు?"

"అది అడిగి ఉంటే, ఏమో, సంతకం పెట్టేదాన్నేమో. హెచ్చరికతో పోతుందన్నావు చూడు."

ఆయన ఇంజిన్ ఆపేశాడు. టేపు రోడ్డు దాటి బస్సెక్కింది. సీటు లేదు. ఒక చేతిలో ఫోన్, ఇంకో చెయ్యి అలవాటుగా జడ మీదికి పోయింది. డ్రైవర్ ఒక్క ఉదుటున లాగించాడు. టేపు వెనక్కి వెళ్లి ఒక పెద్దావిడ ఒళ్లో పడింది.

"పట్టుకోవాలి కదమ్మా! బస్సెక్కడం కొత్తా?"

"కొత్తేనండీ," అంది టేపు లేస్తూ. ఫోన్ సంచిలో పడేసి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది.